దాచని వ్యాధి, ఆగని పని: బోధిసత్త్వ బాబాసాహెబ్ అంబేద్కర్ చివరి పదేళ్లు

ఇంద్రావతి నది భోపాలపట్నం దాటి, భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఇంద్రావతికి ఇవతలి ఒడ్డు మన బస్తర్ సీమ. అవతలి ఒడ్డు సిరోంచ. ఆ సిరోంచ నేడు గడ్చిరోలి జిల్లాలో ఉన్నది; 1982కు పూర్వం అది చాందా జిల్లాలో భాగంగా ఉండేది. ఆ జిల్లాకు కేంద్రమైన చాందా పట్టణంలో, నాగపూర్ మహాదీక్ష జరిగిన రెండు రోజులకు, 1956 అక్టోబరు 16న బాబాసాహెబ్ డాక్టర్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేద్కర్ మరొకసారి వేలాది జనానికి త్రిశరణాలు, పంచశీలాలు ఇచ్చారు. నాగపూర్ దీక్షను లోకమంతా ఎరుగును. చాందా దీక్ష మాత్రం మనకు ఇరుగుపొరుగు సంగతి. ధమ్మచక్రం మన నదికి అవతలి జిల్లా వరకు ఆయన చేతుల మీదుగానే వచ్చి చేరింది.

ఆనాడు చాందాకు వచ్చిన ఆ మహనీయుని వయస్సు 65 సంవత్సరాలు. అప్పటికే మధుమేహం ఆయన శరీరాన్ని చాలావరకు హరించివేసింది. కాళ్లలో నరాల నొప్పి, కీళ్ల బాధ, మందగించిన చూపు ఆయనను వేధిస్తున్నవి. కర్ర ఊతం లేకుండా, పక్కవారి భుజం ఆసరా లేకుండా ఎక్కువసేపు నిలబడలేని స్థితి. చాందా నుండి తిరిగి వెళ్లిన 51వ రోజున ఆయన పరినిర్వాణం చెందారు.

బాబాసాహెబ్ జీవితాన్ని మన సంచికలలో పలుమార్లు చెప్పుకున్నాము. బడిలో దాహం, కొలంబియా చదువు, మహాద్ చెరువు, రాజ్యాంగ రచన, నాగపూర్ దీక్ష అనే వరుసలో ఆ కథ మనకు కంఠస్థమే. ఈసారి ఆ జీవితంలోని ఒక్క పోగును మాత్రమే పట్టుకొని చెప్పదలచాము. తనను వదలని వ్యాధిని ఆయన తన పనిచోట ఎట్లా చెప్పుకున్నారు, ఎందుకు చెప్పుకున్నారు, ఎక్కడ దానిని అడ్డు పెట్టుకోవడానికి నిరాకరించారు అన్నదే ఈ వ్యాసం. ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం మన మధ్యనే ఉన్నది. పనిచోట తెలిస్తే ఏమవుతుందో అన్న భయంతో జబ్బును మూటగట్టి దాచుకుంటున్న ఉపాసకులు, ఉపాసికలు మన విహారాలకు వస్తున్నారు. వందనం ముగిసిన తరువాత చాటుగా చెప్పుకొని కళ్లు తుడుచుకుంటున్నారు. వారికి బాబాసాహెబ్ జీవితం నుండి ఒక మాట చెప్పవలసిన బాధ్యత మనపై ఉన్నది.

రోగం తెలిసిన ఇల్లు

1891 ఏప్రిల్ 14న మవ్ దండు పట్టణంలో జన్మించిన భీమ్‌రావ్‌కు అనారోగ్యం అంటే ఏమిటో పుస్తకాల వలన తెలియలేదు. చిన్ననాటనే తల్లిని కోల్పోయారు. సంసారం ఏర్పడిన తరువాత పసిబిడ్డలను వరుసగా నలుగురిని పోగొట్టుకున్నారు. లండన్‌లో చదివే రోజులలో అర్ధాకలితో గ్రంథాలయాలలో గడిపారు. భర్త విదేశాలలో ఉన్నప్పుడు పేదరికంతో ఇల్లు నెట్టుకొచ్చిన రమాబాయి దీర్ఘకాలం జబ్బుపడి, 1935 మే 27న కన్నుమూశారు. పేదవాని ఇంట రోగం ప్రవేశిస్తే మందు కంటే ముందు కూలి పోతుందనీ, కూలి పోతే కూడు పోతుందనీ ఆయన స్వయంగా ఎరిగినవారు.

ఈ ఎరుకే తరువాతి కాలంలో చట్టమై ఫలించింది. 1942 జూలైలో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యునిగా బాధ్యతలు స్వీకరించి, 1946 వరకు ఆ పదవిలో ఉన్నారు. కర్మాగారాలలో పని గంటలను వారానికి 48కి తగ్గించే సవరణ ఆ కాలంలోనే వచ్చింది. మన విషయానికి మరింత దగ్గరి సంగతి ఇంకొకటి ఉన్నది. 1943 మార్చిలో ఆయన శాఖ పారిశ్రామిక కార్మికులకు ఆరోగ్య బీమా పథకం రూపొందించే పనిని ఆచార్య బి. పి. అదార్కర్‌కు అప్పగించింది. 1944 ఆగస్టులో ఆ నివేదిక సిద్ధమయింది. దాని పునాదిపైనే 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీ నగరాలలో అది అమలులోకి వచ్చింది.

ఆ చట్టం చేసిన మేలును కొంచెం నిలిచి చూడాలి. అంతకుముందు జబ్బుపడిన కార్మికునికి రెండే దారులు. జబ్బు చెప్పి పని పోగొట్టుకోవడం, లేదా దాచి ప్రాణం మీదికి తెచ్చుకోవడం. ఈ చట్టంతో మూడవ దారి ఏర్పడింది. వైద్యుని ధ్రువపత్రం చూపితే జబ్బు రోజులకు కూలిలో కొంత భాగం బీమా నిధి నుండి వస్తుంది. ఆ సహాయం పొందుతున్న కాలంలో యజమాని అతనిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు, శిక్షించరాదు. అనగా, చట్టం పరిధిలోని కార్మికుడు తన రోగాన్ని నోరు తెరిచి చెప్పగల పరిస్థితిని అది కల్పించింది. దానికి విత్తు వేసిన శాఖకు అధిపతిగా ఉన్న బాబాసాహెబ్, కొద్ది ఏళ్లకే తాను కూడా అటువంటి రోగిగా పనిచోట నిలబడవలసి వచ్చింది.

రాజ్యాంగం బల్లపైన, ఇన్సులిన్ సూది పక్కన

1947 ఆగస్టులో ఆయన స్వతంత్ర భారత తొలి న్యాయశాఖ మంత్రి అయ్యారు. అదే నెల 29న రాజ్యాంగ ముసాయిదా సంఘం ఏర్పడింది. ఆయన దానికి అధ్యక్షులయ్యారు. ఆ నెలలలోనే ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. అర్ధరాత్రి మొదలయ్యే కాళ్ల నొప్పి తెల్లవార్లూ వదిలేది కాదు. నిద్ర లేని రాత్రులు వరుసగా గడిచేవి. ఇన్సులిన్ తీసుకుంటున్నా ఆశించిన ఉపశమనం కలగలేదు. అటువంటి రాత్రుల మధ్యనే ముసాయిదా పూర్తయి, 1948 ఫిబ్రవరి 21న రాజ్యాంగసభ అధ్యక్షునికి చేరింది. మన బస్తర్ వంటి ఆదివాసీ ప్రాంతాల పాలనకు ఆధారమైన అయిదవ షెడ్యూలుకు చోటిచ్చిన ఆ రాజ్యాంగం, నిద్రకు దూరమైన ఒక రోగి బల్లమీద రూపు దిద్దుకున్నదని మనం మరువరాదు.

అప్పుడు ఆయన చేసిన మొదటి పని తన స్థితిని తనవారికి దాచకుండా చెప్పడం. రమాబాయి మరణానంతరం మరల వివాహమాడరాదని ఆయన నిశ్చయించుకున్నారు. కాని క్రమం తప్పని సూదిమందు, పథ్యం, రేయింబవళ్ల పర్యవేక్షణ లేకపోతే ప్రాణానికే ముప్పు అని వైద్యులు స్పష్టం చేశారు. ఆయన ఈ విషయాన్ని సహచరుడైన భావురావ్ గైక్వాడ్‌కు లేఖ ద్వారా వివరించారు. పాత సంకల్పాన్ని ఎందుకు విడువవలసి వచ్చిందో, వైద్యం తెలిసిన తోడు ఎందుకు కావలసి వచ్చిందో అందులో చెప్పారు. బొంబాయిలో ఆయనకు చికిత్స చేస్తున్న డాక్టర్ మాల్వంకర్ వద్ద పనిచేసే డాక్టర్ శారదా కబీర్‌ను 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో వివాహమాడారు. ఆమెయే సవితా అంబేద్కర్. వైద్యురాలిగా ఆమెకు ఆయన రోగాలు తెలియనివి కావు. తెలిసే అంగీకరించారు.

ఇక్కడ మన సమాజం ఒక తప్పును ఒప్పుకోవలసి ఉన్నది. బాబాసాహెబ్ తన వ్యాధిని ఇంత స్పష్టంగా చెప్పి ఉండగా, ఆయన పరినిర్వాణం తరువాత మనవారిలోనే కొందరు ఆ మాటలను పక్కన పెట్టి, పక్కన ఉండి సేవ చేసిన ఆమెనే అనుమానించారు. ప్రభుత్వ విచారణ ఆయనది సహజ మరణమని తేల్చినా ఆ అనుమానం ఆమెను ఏళ్లతరబడి వెంటాడింది. రోగి చెప్పిన సత్యాన్ని వినడానికి మనసొప్పనప్పుడు, మన దుఃఖం ఎవరినో ఒకరిని దోషిగా నిలబెడుతుంది. ఆ పని ధమ్మానికి తగదు.

1948 నవంబరు 4న బాబాసాహెబ్ ముసాయిదాను రాజ్యాంగసభ ముందు ఉంచారు. మరునాడు టి. టి. కృష్ణమాచారి లేచి, ముసాయిదా సంఘం ఏడుగురిదైనా పని ఎట్లా ఒక్కరిపై పడినదో సభకు వివరించారు. ఒకరు రాజీనామా చేశారు, ఒకరు మరణించారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఒకరు సంస్థాన వ్యవహారాలలో మునిగి ఉన్నారు, ఒకరిద్దరు ఢిల్లీకి దూరంగా ఉండి, బహుశా ఆరోగ్య కారణాల వలన రాలేకపోయారు అన్నది ఆయన చెప్పిన లెక్క. చివరికి భారమంతా మోసినవాడు అంబేద్కర్ అని ఆయన అన్నారు. ఆ భారం మోసిన వ్యక్తి కూడా రోగియే. ఆయన ఆ సంగతిని సభలో తన ఘనతకు అలంకారంగా వాడుకోలేదు.

1949 నవంబరు 25న చేసిన ముగింపు ప్రసంగంలో ఆయన బౌద్ధ భిక్షు సంఘాలను తలచుకున్నారు. తీర్మానం, కోరం, ఓటు వంటి సభా నియమాలు ఈ నేలకు కొత్తవి కావనీ, సంఘానికి అవి ఏనాడో తెలుసుననీ సభకు గుర్తు చేశారు. సంఘం నుండి ఆయన నేర్చినది సభా నియమాలు మాత్రమే కాదని ఆయన తరువాతి నడవడి చూపుతుంది.

1951 ఆగస్టు 10 నాటి లేఖ

న్యాయశాఖ మంత్రిగా ఆయన ప్రాణం పెట్టి పట్టుకున్న పని హిందూ కోడ్ బిల్లు. స్త్రీకి ఆస్తిలో వాటా, విడాకుల హక్కు, ఏకపత్నీ నియమం, కులం అడ్డుపడని వివాహం అందులోని ప్రధానాంశాలు. మంత్రివర్గంలోనూ, పార్లమెంటులోనూ, వెలుపలా దానికి తీవ్ర వ్యతిరేకత ఉండెను. చర్చ వాయిదాల మీద వాయిదాలు పడుతూ వచ్చింది.

1951 నడిమికి ఆయన శరీరం మరింత సడలింది. అప్పుడు, ఆగస్టు 10న, ఆయన ప్రధానమంత్రి నెహ్రూకు ఒక లేఖ రాశారు. వ్యాధిని పనిచోట ఎట్లా చెప్పవలెనో ఆ లేఖ మనకు నేర్పుతుంది. అందులోని సారాంశం ఇది. తన ఆరోగ్యం తనకూ తన వైద్యులకూ ఆందోళన కలిగిస్తున్నది. సుమారు ఒక నెల పాటు తమ చేతులలో ఉండి చికిత్స పొందాలని వైద్యులు పట్టుబడుతున్నారు. ఇంకా వాయిదా వేస్తే మరిన్ని చిక్కులు వస్తాయి. అయితే చికిత్సకు వెళ్లేలోగా హిందూ కోడ్ బిల్లు ముగియాలి. కాబట్టి దానికి ప్రాధాన్యమిచ్చి ఆగస్టు 16న చర్చకు తీసుకొని, సెప్టెంబరు 1 నాటికి పూర్తి చేయాలి. ఆ బిల్లు కోసం ఆరోగ్యంపై ఎంత భారమైనా భరించడానికి తాను సిద్ధం.

ఈ లేఖలోని క్రమాన్ని గమనించండి. మొదట ఉన్న స్థితి ఉన్నట్లు చెప్పారు. రెండవది, వైద్యుల సలహా చెప్పారు. మూడవది, ఎంత సమయం కావాలో చెప్పారు. నాలుగవది, తన చేతిలోని పని ఏమిటో, అది ఎప్పటికి ముగియవలెనో తేదీలతో చెప్పారు. జాలి కోరే మాట అందులో ఒక్కటీ లేదు, బెదిరింపూ లేదు. తన గురించి తక్కువ, పని గురించి ఎక్కువ ఉన్నది. వ్యాధిని దాచి ఉంటే ఆ తొందరకు కారణం ఎవరికీ అర్థమయ్యేది కాదు. వ్యాధిని మాత్రమే చెప్పి ఉంటే పని ఆగిపోయేది.

నెహ్రూ ఆనాడే జవాబిచ్చారు. తొందరపడవద్దనీ, బిల్లుకు లోపలా బయటా వ్యతిరేకత ఉన్నదనీ, సెప్టెంబరు మొదట్లో చర్చకు తీసుకోవాలని మంత్రివర్గం నిర్ణయించిందనీ తెలిపారు. సెప్టెంబరు 17న చర్చ తిరిగి మొదలయింది. వివాహం, విడాకుల భాగాన్ని వేరు చేసి ముందుగా ఆమోదించుకోవడానికి సైతం బాబాసాహెబ్ అంగీకరించారు. అయినా నాలుగు క్లాజులు దాటి బిల్లు ముందుకు సాగలేదు, దానిని విడిచిపెట్టారు. సెప్టెంబరు 27న ఆయన రాజీనామా సమర్పించారు.

ఆ కాలపు రాజనీతి వేరు. అధికారంలో ఉన్నవారు తమ దేహబలహీనత బయటపడకుండా జాగ్రత్తపడేవారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చక్రాల కుర్చీలో ఉన్న ఛాయాచిత్రాలు పత్రికలకు ఎక్కకుండా చూసుకునేవారు. దేశ విభజన నాటికి జిన్నా క్షయవ్యాధి బయటి లోకానికి తెలియదు. అటువంటి రోజులలో, ప్రభుత్వంలో ఎందరో తనను వ్యతిరేకిస్తున్న వేళ, తన బలహీనతను కాగితంపై రాసి ప్రధానమంత్రికి పంపడం చిన్న సాహసం కాదు. ఆ కాగితాన్ని తనపైనే ప్రయోగించే అవకాశం ఉన్నదని ఆయనకు తెలియదని అనుకోలేము.

అట్లే జరిగింది. రాజీనామా తరువాత, ఆయన అనారోగ్యం వల్లనే తప్పుకున్నారన్న మాట పుట్టింది. ఎవరికీ నొప్పి కలిగించని కారణం అది. దానిని ఒప్పుకొని ఉంటే అందరూ సానుభూతి చూపేవారు, పూలదండలతో సాగనంపేవారు. బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. అక్టోబరులో పార్లమెంటులో తన ప్రకటన చేయబోగా, దాని ప్రతిని ముందుగానే ఇవ్వాలని సభాస్థానం కోరింది. దానికి నిరసనగా ఆయన సభ విడిచి వెళ్లి ప్రకటనను పత్రికలకు ఇచ్చారు. అందులో అనారోగ్య కారణాన్ని తేటతెల్లంగా తోసిపుచ్చారు. జబ్బు పేరు చెప్పి కర్తవ్యం విడిచిపెట్టే మనిషిని తాను కాదని తెలిపారు. తన నిష్క్రమణకు నిజమైన కారణాలను వరుసగా పేర్కొన్నారు. షెడ్యూల్డ్ కులాల పట్ల నిర్లక్ష్యం, విదేశాంగ విధానం, మంత్రివర్గంలో నిర్ణయాలు జరిగే తీరు, అన్నిటికంటె మిన్నగా హిందూ కోడ్ బిల్లుకు పట్టిన గతి ఆ కారణాలు.

ఆగస్టు లేఖను, అక్టోబరు ప్రకటనను పక్కపక్కన పెట్టి చదవాలి. ఆగస్టులో పని సాగడానికి జబ్బును చెప్పారు. అక్టోబరులో సత్యాన్ని కప్పడానికి అదే జబ్బును ఇతరులు వాడబోతే నిరాకరించారు. రెండింటిలోనూ ఉన్నది ఒకే శీలం. నాలుగవ శీలమైన అసత్యవర్జనానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానం మాకు తెలియదు.

ఆ బిల్లు చనిపోలేదు. 1955, 1956 సంవత్సరాలలో అది నాలుగు చట్టాలుగా విడివడి ఆమోదం పొందింది. రాజ్యసభ సభ్యునిగా బాబాసాహెబ్ వాటిలో మూడింటిని కళ్లారా చూశారు.

గ్రంథం, దీక్ష

1951లోనే ఆయన బుద్ధుని జీవితాన్నీ ధమ్మాన్నీ ఒకే గ్రంథంగా రాయడం మొదలుపెట్టారు. అదే ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ. అయిదేళ్లు పట్టింది. ఈ అయిదేళ్లలో 1952 జనవరి ఎన్నికలలో ఓటమి, 1953 జనవరిలో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయ గౌరవ డాక్టరేటు, 1954 డిసెంబరులో రంగూన్ ప్రపంచ బౌద్ధ మహాసభ, వీటన్నిటి నడుమ పదేపదే మంచం పట్టడం జరిగినవి. 1956 మార్చి 15 తేదీతో ఆయన ఆ గ్రంథానికి ఒక పీఠిక రాశారు. సాధారణంగా రచయితలు పీఠికలో పాండిత్యం చెప్పుకుంటారు. ఆయన తన జబ్బు చెప్పారు. ఈ అయిదేళ్లలో ఆరోగ్యం ఎన్నో ఎత్తుపల్లాలు చూసిందనీ, కొన్ని సమయాలలో వైద్యులు ఆశ వదులుకున్నంత పని అయిందనీ, తన భార్య, డాక్టర్ మాల్వంకర్ తమ వైద్యంతో నిలబెట్టడం వల్లనే ఈ పని పూర్తయిందనీ రాశారు. 1957లో అచ్చయిన మొదటి ముద్రణలో ఆ పీఠిక చోటు చేసుకోలేదు. చాలా కాలానికి గాని పాఠకులకు అందలేదు. తన పని తన ఒక్కని బలంతో జరగలేదని రోగి చెప్పిన ఆ కృతజ్ఞత అంతకాలం మన కంటికి దూరమయింది.

1956 అక్టోబరు 14 ఉదయం నాగపూర్‌లో తెల్లని దుస్తులు ధరించి, చేత కర్ర పట్టుకొని, కార్యదర్శి నానక్ చంద్ రత్తు ఆసరాతో ఆయన వేదికపై నిలిచారు. కుశీనగర వృద్ధ భిక్షువు ఉ చంద్రమణి మహాథేర ఆయనకూ సవితా అంబేద్కర్‌కూ దీక్ష ఇచ్చారు. తరువాత లక్షల జనానికి ఆయనే దీక్ష ఇచ్చి, 22 ప్రతిజ్ఞలు చేయించారు. మరునాడు దీర్ఘమైన ప్రసంగం చేశారు. ఆ మరునాడు చాందా. నవంబరులో కాఠ్మండూ ప్రపంచ బౌద్ధ సభ. తిరుగు ప్రయాణంలో కాశీ, కుశీనగరం. డిసెంబరు 5 రాత్రి సైతం గ్రంథపు పీఠికను దగ్గర పెట్టుకొని చూసుకున్నారు. 6వ తేదీ వేకువకు ఢిల్లీ ఆలీపూర్ రోడ్డు ఇంటిలో నిద్రలోనే పరినిర్వాణం చెందారు.

ఆ కర్రను, ఆ భుజం ఆసరాను ఆయన దాచలేదు. లక్షల కళ్ల ముందు అట్లాగే నిలబడ్డారు. గురువు నిటారుగా నిలబడితేనే గురువు అన్న భ్రమను ఆ దృశ్యం తొలగించింది.

తథాగతుని బాట

బాబాసాహెబ్ శరణు పొందిన శాస్త కూడా తన దేహాన్ని దాచుకున్నవాడు కాదు. కపిలవస్తులో శాక్యులు కొత్త సభాభవనం కట్టి తథాగతుని ఆహ్వానించినప్పుడు, రాత్రి చాలాసేపు బోధించిన పిదప ఆయన తనకు వెన్ను నొప్పిగా ఉన్నదని అందరి ఎదుట చెప్పి, మిగిలిన బోధను ఆనందునికి అప్పగించి విశ్రమించారు. మరొక సందర్భంలో అదే కారణం చెప్పి సారిపుత్తునికి అప్పగించారు. బోధ ఆగలేదు, నొప్పి దాగలేదు. బేలువ గ్రామంలో చివరి వర్షావాసంలో తీవ్రమైన జబ్బు చేసినప్పుడు, 80 ఏళ్ల తన దేహాన్ని కట్లు కట్టి నడిపే పాత బండితో పోల్చి ఆనందునికి చెప్పారు.

సంఘం రోగి పట్ల ఎట్లా ఉండాలో కూడా ఆయనే చూపారు. అతిసారంతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును తోటివారు పట్టించుకోకపోగా, తథాగతుడు ఆనందునితో కలిసి స్వయంగా నీళ్లు పోసి కడిగి మంచంపై పడుకోబెట్టారు. ఆ తరువాత భిక్షువులను పిలిచి, తనకు సేవ చేయగోరువారు రోగికి సేవ చేయాలని శాసించారు. ఆ రోగిని ఎవరూ చూడకపోవడానికి వారు చెప్పిన కారణం, అతడు ఇతరులకు ఉపయోగపడడం లేదన్నది. నేటి పనిచోట్లలో మనకు వినిపించే మాట ఇదే. ఆ మాటను తథాగతుడు అంగీకరించలేదు.

మన సీమలో, మన పనిచోట్ల

బస్తర్‌కు ధమ్మం కొత్తది కాదు. కొండగావ్ జిల్లా భోంగాపాల్ అడవిలో ఇటుకల చైత్యపు శిథిలాలు, బుద్ధ ప్రతిమ నేటికీ ఉన్నవి. ఆ ధమ్మం ఇక్కడ మరల బ్రతకాలంటే ప్రతిమలు నిలబెట్టడం ఒక్కటే చాలదు.

మన సీమలో కొడవలి కణ వ్యాధి, అనగా సికిల్ సెల్, ఎన్నో ఆదివాసీ కుటుంబాలలో తరతరాలుగా ఉన్నది. పైకి చూస్తే మనిషి బాగానే కనిపిస్తాడు. చలి తగిలినా, నీరు తక్కువైనా, శక్తికి మించి శ్రమించినా ఎముకలు విరిగినంత నొప్పి వస్తుంది. చూసేవారు సోమరితనం అంటారు. బైలాడిల్లా ఇనుప గనులలో పనిచేసేవారు, బడులలో పాఠాలు చెప్పేవారు, మిర్చి కోతలకు గోదావరి దాటి తెలంగాణ తోటలకు వెళ్లే కూలీలు, తునికాకు ఏరే స్త్రీలు, వీరందరిలోనూ ఈ జబ్బో, చక్కెర జబ్బో, క్షయో మోస్తున్నవారు ఉన్నారు. సూదిమందు సీసాను సంచి అడుగున దాచి, ఎవరూ చూడని చోటు వెతుక్కునేవారు ఉన్నారు. మేస్త్రీకి తెలిస్తే మరుసటి కోతకు పిలవడని భయపడేవారు ఉన్నారు. ఆ భయం అర్థం లేనిది కాదు. బాబాసాహెబ్ మంత్రి, ఆయన లేఖకు ప్రధానమంత్రి జవాబిచ్చారు. కూలి మనిషి మాటకు జవాబు పని పోవడమే కావచ్చు.

కాబట్టి మేము ఎవరినీ బలవంతంగా చెప్పమనడం లేదు. తన జబ్బును చెప్పుకోవడం రోగి హక్కు. చెప్పించడం ఎవరి హక్కూ కాదు. ఎవరికి, ఎంతవరకు, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించేది రోగియే. చెప్పదలచినవారికి మాత్రం ఆ ఆగస్టు లేఖ దారి చూపుతుంది. ఉన్న స్థితి, వైద్యుని సలహా, కావలసిన సమయం లేదా సదుపాయం, తన చేతిలోని పని, ఈ నాలుగూ చెబితే చాలు. దీనురాలిగా, దీనునిగా చెప్పనక్కర లేదు.

చట్టం కూడా కొంత తోడు నిలుస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో సికిల్ సెల్ వ్యాధి ఒకటి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందినవారిని దాని కారణంగా తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంపై వేరొక పనికి మార్చాలి. చక్కెర జబ్బు ఆ జాబితాలో లేదు. రోజుకూలీలకు ఆ రక్షణ చేరలేదు. చట్టం ఆగిన చోట సంఘం మొదలుకావాలి.

మన విహారాలు ఆ చోటు కావాలని మా కోరిక. ఉపాసకులలో ఇతరుల చేత పని చేయించుకునేవారు ఉన్నారు. దుకాణాలు, తోటలు, కాంట్రాక్టులు ఉన్నవారు ఉన్నారు. తమ వద్ద పనిచేసేవారు జబ్బు చెప్పినప్పుడు ఆనాటి కూలి కోయకుండా వినడం వారి మొదటి దానం. జబ్బుపడినవారి వంతు పనిని తోటివారు పంచుకోవడం రెండవ దానం. ఆనందుడు బోధను అందుకున్నట్లు, రత్తు భుజం ఇచ్చినట్లు చేయగల పని అది.

ఏటా అక్టోబరు 16న చంద్రపూర్ దీక్షాభూమికి వెళ్లేవారు ఇంద్రావతి దాటుతున్నప్పుడు ఒక్క క్షణం ఆ వేదికను తలచుకోండి. కర్ర పట్టుకొని, నొప్పిని దాచుకోకుండా, పనిని విడువకుండా నిలిచిన ఆ మనిషి మనకు శరణాలు ఇచ్చారు. ఆ శరణాలు తీసుకున్న మన మధ్య ఏ రోగీ తన రోగానికి సిగ్గుపడవలసిన అవసరం రాకూడదు.

నమో బుద్ధాయ. జై భీమ్.